ముందస్తు ధన్యవాదాలు

నీలాద్రివలసలో నీటి గొట్టం ఎక్కడ పగిలిందో తవ్వకుండా చెప్పగల మనిషి ఒక్కడే ఉండేవాడు. అతను మునిసిపాలిటీ ఫిట్టరు నూకరాజు. రోడ్డు మీద చెప్పులు విడిచి, నాలుగడుగులు మెల్లగా నడిచి, అయిదో అడుగు దగ్గర ఆగి "ఇక్కడ" అనేవాడు. తవ్వితే అక్కడే ఉండేది. గొట్టాల జాయింట్ల మధ్య వేసే రబ్బరు వాషర్లు మునిసిపాలిటీ స్టోరులో ఏనాడూ ఉన్న పాపాన పోలేదు కనక, పాత లారీ ట్యూబు సంపాదించుకుని తనే కత్తెరతో కోసుకునేవాడు. కొలబద్ద లేదు, గీత లేదు. కత్తెర ఒకసారి గుండ్రంగా తిరిగేది. మధ్యలో ఒక బెజ్జం, చుట్టూ బోల్టులకు నాలుగు బెజ్జాలు. ఇరవై రెండేళ్లుగా ఊరు తాగుతున్న నీళ్లు ఆ వాషర్ల మీదుగానే వస్తున్నాయి.

అలాంటి ఊరికి చిదానందమూర్తిగారు కమిషనరుగా వచ్చారు. ఆయన చెడ్డవారు కారు. లంచం ముట్టరు, గొంతు పెంచరు, ఎవరు వచ్చినా కూర్చోమంటారు. ఆ వేసవిలో పై అధికారులు ఆయన్ని ఏదో కొండ ఊరికి మూడు రోజుల శిక్షణకు పంపడంతో వచ్చింది చిక్కంతా. శిక్షణ పేరు 'పరిపాలనలో కృతజ్ఞతా సంస్కృతి'. మూడోరోజు శిక్షకురాలు తలా ఒక రంగు కాగితం, ఒక చిన్న కత్తెర ఇచ్చి, "మీకు జీవితంలో మేలు చేసిన ఒకరికి మీ చేత్తో ధన్యవాద పత్రం తయారు చేయండి" అంది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో సంతకం తప్ప చేత్తో మరే పనీ చేసి ఎరగని చిదానందమూర్తిగారు గంటన్నర సేపు పళ్ల మధ్య నాలుక నొక్కిపట్టి ఒక తామరపువ్వు కత్తిరించారు. చూసేవాళ్లకు అది క్యాబేజీలా ఉంది. ఆయనకు మాత్రం కళ్లనీళ్లు తిరిగాయి.

తిరిగొచ్చాక ఆ పువ్వుకు అద్దం కట్టించి తన కుర్చీ వెనక తగిలించారు. మర్నాడు సర్క్యులరు నంబరు పదిహేడు వెలువడింది.

"పురపాలక సంఘము అందించు ప్రతి సేవకును, సదరు సేవను పొందిన పౌరుడు స్వహస్తములతో రంగు కాగితమును కత్తిరించి రూపొందించిన ధన్యవాద పత్రమును సమర్పించవలెను. కొనుగోలు చేసిన పత్రములు, అచ్చు పత్రములు, నోటిమాటగా తెలుపు ధన్యవాదములు చెల్లవు. 'ధన్యవాదాలు' అను అక్షరములను వ్రాయరాదు, కత్తిరించి అతికించవలెను. పత్రము జతపరచని సేవ, జరిగిన సేవగా పరిగణింపబడదు. కృతజ్ఞత హృదయము నుండి చేతికిని, చేతి నుండి కత్తెరకును, కత్తెర నుండి కాగితమునకును నిరాటంకముగా ప్రవహించునట్లు సిబ్బంది శ్రద్ధ వహించవలెను."

ఆఫీసు మేనేజరు వామనరావుగారు దాన్ని సిబ్బందికి చదివి వినిపించారు. ఆయన సర్వీసులో ఏ సర్క్యులరునూ మంచిదా చెడ్డదా అని చూడలేదు. నంబరు ఉందా, సంతకం ఉందా అని చూసేవారు. ఈ సర్క్యులరుకు రెండూ ఉన్నాయి.

"అంటే బాబూ," అన్నాడు నూకరాజు వెనక నుంచి, "నాను గొట్టం బాగుసేసినా, ఆల్లు కాయితం కొయ్యకపోతే సెయ్యనట్టేనా?"

"సేవగా పరిగణింపబడదు," అన్నారు వామనరావుగారు, వేలు ఆ వాక్యం మీదే పెట్టి.

ఆ వారంలోనే కుమ్మరివీధిలో పైడమ్మ ఇంటిముందు కుళాయి గొట్టం కారడం మొదలెట్టింది. పైడమ్మకు అరవై దాటాయి. వీధి చివర ఇడ్లీబండి పెట్టుకుని మనవరాలిని సాకుతోంది. నూకరాజు వెళ్లి అరగంటలో బాగుచేశాడు. పైడమ్మ చెంబుతో మజ్జిగ అందించి, "సల్లగుండు నాయినా" అంది.

నూకరాజు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, సిగ్గుపడుతూ సంచిలోంచి గులాబీరంగు కాగితం, కత్తెర బయటికి తీశాడు.

"సిన్నమ్మా, ఇది నువ్వు కత్తిరించాల."

"దేనికిరా? పొట్లం కట్టడానికా?"

"కాదు. నాకు దన్యవాదాలు సెప్పడానికి."

"ఇప్పుడే సెప్పినాను కదరా. సల్లగుండమన్నాను."

"అది సెల్లదంట. నోటితో అన్నది ఆపీసులోకి రాదంట. కాయితంతో పువ్వు కొయ్యాల. కింద అచ్చరాలు కోసి అతికించాల."

పైడమ్మ కత్తెర అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "సేపలు కోసినాను. ఇసుమంటిదానితో మా మనవరాలు గుంట జుట్టు కోసినాను. కాయితం పువ్వు ఎన్నడూ కొయ్యలేదురా నాయినా. ఇంకో సెంబుడు మజ్జిగ తాగుతావా?"

నూకరాజు రెండో చెంబూ తాగి, అరుగు మీద కూర్చుని, తన కృతజ్ఞత తనే కత్తిరించుకున్నాడు. అతని చేతికి తెలిసిన గుండ్రం ఒకటే. అదే వచ్చింది. మధ్యలో ఒక బెజ్జం, చుట్టూ నాలుగు. అక్షరాలు ఎదురింటి పదో తరగతి పిల్ల గీసి ఇస్తే వాటినీ కోశాడు. పైడమ్మ ఇడ్లీపిండి తెచ్చి అతికించింది. ఫైలు మూతపడింది.

తర్వాత నెలన్నరలో నలభై మూడు ఇళ్లలో ఇదే జరిగింది. ఒకచోట మజ్జిగ, ఒకచోట టీ, ఒకచోట వట్టి చిరునవ్వు. కత్తిరింపు మాత్రం అన్నిచోట్లా నూకరాజుదే.

ఒక మధ్యాహ్నం వామనరావుగారు అతన్ని పిలిపించారు. బల్ల మీద నలభై మూడు పత్రాలూ వరసగా పరిచి ఉన్నాయి. ఆయన చేతిలో భూతద్దం ఉంది.

"ఇదేమిటి నూకరాజూ?"

"పువ్వు బాబూ."

"ఇది?"

"అదీ పువ్వేనండి."

"నలభై మూడు మంది పౌరుల హృదయాల్లో ఒకే కొలత పువ్వు వికసించిందా?" వామనరావుగారు ఒక పత్రం ఎత్తి వెలుతురుకు పట్టారు. అయిదు బెజ్జాల్లోంచి అయిదు వెలుగుచుక్కలు ఆయన మొహం మీద పడ్డాయి. "ఏ పువ్వుకయ్యా బోల్టు బెజ్జాలుండేది?"

నూకరాజు తల గోక్కున్నాడు. అబద్ధం ఆడాలని అనిపించలేదు. "మూడంగుళాల గొట్టానికి సరిగ్గా సరిపోతాదండి," అన్నాడు.

'ఇతరుల కృతజ్ఞతను తానే కత్తిరించుకొనిన' నేరానికి అతనికి మెమో వచ్చింది. కమిషనరుగారు ఆగ్రహించలేదు, బాధపడ్డారు. మనుషుల మీద నమ్మకం ఉంచడం వల్లే ఇలా జరిగిందని సమావేశంలో అన్నారు. ఇకమీదట పౌరులు మునిసిపల్ ఆఫీసుకే వచ్చి, అధికారి సమక్షంలో కత్తిరించాలని ఉత్తర్వు వేశారు. అందుకు ఒక హాలు కావాలి. ఆఫీసులో ఖాళీ చేయించగల గది ఒకటే ఉంది, నీటి సరఫరా స్టోరు. గొట్టాలు, వాల్వులు, పానాలు పెరట్లోకి చేరాయి. వాటి మీద ఒక టార్పాలిన్ కప్పారు. గదికి సున్నం వేసి, బల్లలు పరిచి, ప్రతి బల్లకూ ఒక కత్తెరను గొలుసుతో కట్టి, గుమ్మం మీద 'కృతజ్ఞతా మందిరం' అని బోర్డు పెట్టారు. ఆ మందిరాన్ని చూసుకోవడానికి కత్తిరింపు తెలిసినవాడు ఒకడు ఉండాలి. నేరం రుజువు కావడంతో పాటు నూకరాజు అర్హత కూడా రుజువైంది. అతన్ని 'కత్తెరల పర్యవేక్షకుడు'గా నియమించారు.

గొట్టాల పనికి వారానికి ఒక పూట మాత్రం మిగిలింది, అదీ తెరిచి ఉన్న ఫిర్యాదులకే.

మందిరం తెరిచాక వింత జరిగింది. ఫిర్యాదులు తగ్గిపోయాయి. ఒక పూట పని మానుకుని వచ్చి, మెడ వంచి కాగితం కోసే కన్నా, కారుతున్న గొట్టం కింద బిందె పెట్టుకోవడమే నయమని జనం అనుకున్నారు. ఫిర్యాదు లేకపోతే పని లేదు. పని లేకపోతే పత్రం లేదు. కొండ ఊరి శిక్షణ సంస్థ ఊళ్ల వారీగా వేసే కృతజ్ఞతా పట్టికలో నీలాద్రివలస నాలుగో స్థానం నుంచి పందొమ్మిదికి దిగజారింది.

కమిషనరుగారు రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మూడోరోజు వెలిగిపోతున్న మొహంతో వచ్చి సిబ్బందిని సమావేశపరిచారు.

"నేను లోతుగా ఆలోచించాను. పౌరుడిలో కృతజ్ఞత ఎప్పుడు శిఖరస్థాయిలో ఉంటుంది? పని అయ్యాకా? కాదు. పని అయ్యాక అతను ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటాడు. పని కాకముందు, మనమే దిక్కని మన ముందు నిలబడ్డప్పుడు ఉంటుంది. ఆ క్షణాన్ని మనం వృథాగా పోనిస్తున్నాం. ఇకనుంచి ఫిర్యాదు స్వీకరించే ముందే ధన్యవాద పత్రం స్వీకరించాలి."

సిబ్బంది చప్పట్లు కొట్టారు. నూకరాజూ కొట్టాడు, అందరూ కొట్టారు కనక. సర్క్యులరు నంబరు ఇరవై మూడుకు 'ముందస్తు కృతజ్ఞత' అని శీర్షిక పెట్టారు.

వారం తిరక్కుండా పైడమ్మ వచ్చింది. ఈసారి కారడం కాదు. కుమ్మరివీధి కుళాయిల్లో మురుగునీళ్లు కలిసి వస్తున్నాయి. పదకొండు మంది వాంతులు, విరేచనాలతో పెద్దాస్పత్రిలో పడ్డారు. వాళ్లలో పైడమ్మ మనవరాలూ ఉంది. పైడమ్మ ఇడ్లీబండి కట్టేసి, ఆస్పత్రి నుంచి తిన్నగా ఆఫీసుకు వచ్చింది. ఫిర్యాదుల బల్ల దగ్గర వామనరావుగారు మందిరం వైపు చెయ్యి చూపించారు.

నూకరాజు ఆమెకు బల్ల చూపించాడు. గొలుసు పొట్టిది కావడంతో కత్తెరను వంగి పట్టుకోవాలి. నాలుగు గంటలు పట్టింది. పువ్వు ఎలాగో వచ్చింది కానీ 'ధ' కింద వత్తు కొయ్యబోతే ప్రతిసారీ ఊడిపోతోంది.

"వత్తు లేకపోతే అది దన్యవాదం. ధన్యవాదం కాదు," అని వామనరావుగారు రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి నూకరాజు అటూ ఇటూ చూసి, ఆమె వేళ్ల మీద తన వేళ్లు ఆనించాడు. ఆమె చెయ్యి వణుకుతోంది.

"సిన్నమ్మా, గుంటకెలాగుంది?"

"కల్లు తెరవట్లేదురా," అంది పైడమ్మ, కాగితం మీంచి తల ఎత్తకుండా.

వత్తు ఊడకుండా వచ్చింది. వామనరావుగారు పత్రం అందుకుని, పుస్తకంలో ఎక్కించి, ఫిర్యాదు కాగితం మీద 'మూయడమైనది' అని ముద్ర కొట్టారు.

"మరి గొట్టం బాబూ?" అంది పైడమ్మ.

"ఏ గొట్టం?"

"మురుగు కలిసేదండి. ఆ పిర్యాదే కదా మీకిచ్చినాను."

వామనరావుగారు ఓపిగ్గా వివరించారు. "అమ్మా, ఇదిగో నీ ధన్యవాదం. ధన్యవాదం ఎవరు చెబుతారు? పని అయినవారు చెబుతారు. నువ్వు చెప్పావు. కనక నీ పని అయింది. అయిన పనికి ఫిర్యాదు ఎలా ఉంటుంది?"

"అవనేదు బాబూ. నీల్లు ఇంకా కంపే."

"అయితే ఇది అబద్ధపు ధన్యవాదమా?" అన్నారాయన, పత్రం వైపు చూసి. ఆ గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలన్న ఆదుర్దా ఉంది. పైడమ్మ ఆస్పత్రిలో మందుల వేళైందని గుర్తొచ్చి వెళ్లిపోయింది.

బాగుచెయ్యని గొట్టాలు పగలడంతో జనానికి మళ్లీ రాక తప్పలేదు, ఊరంతటా ఇదే పద్ధతి సాగింది. ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్లు పత్రం ఇచ్చేవాళ్లు, పత్రంతో ఫిర్యాదు మూతపడేది. నెల తిరిగేసరికి ఆఫీసులో తెరిచి ఉన్న ఫిర్యాదు ఒక్కటీ లేదు. పత్రాలు మూడు వేలు దాటాయి. నీలాద్రివలస పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. పెరట్లో టార్పాలిన్ కింద పానాలు తుప్పు పట్టాయి.

ఆ నెలలోనే ఒక సాయంత్రం నూకరాజు ఆస్పత్రికి వెళ్లి పిల్లను చూశాడు. ఎప్పుడూ ఇడ్లీబండి దగ్గర చట్నీ గిన్నె పట్టుకుని "మాఁవా, నీకెన్ని?" అని అడిగే పిల్ల. ఇప్పుడు మంచానికి అతుక్కుపోయి ఉంది. చేతికి సెలైను సూది. అతన్ని చూసి పెదవులు కదిపింది కానీ మాట రాలేదు. ఆ మంచం పక్క మంచమూ కుమ్మరివీధిదే, దాని పక్కదీ అంతే. నూకరాజు బయటికొచ్చాడు. మర్నాడు జీవితంలో మొదటిసారి, పిలవకుండా కమిషనరుగారి గది తలుపు తోశాడు.

"రా నూకరాజూ, కూర్చో," అన్నారు చిదానందమూర్తిగారు. ఆయన బల్ల మీద పెద్ద ఆల్బం తెరిచి ఉంది. "సరైన సమయానికి వచ్చావు. ఈ పత్రం చూడు. ఈ 'ధ' కింద వత్తు గమనించావా? వణుకుతోంది. ఒక వృద్ధురాలి కృతజ్ఞత ఎలా వణుకుతుందో ఇందులో కనిపిస్తుంది."

నూకరాజు గుర్తుపట్టాడు. "అయ్యా, అది పైడమ్మదండి. ఆ యేల ఆవిడ మనవరాలు ఆస్పత్రిలో ఉందండి. అందుకు ఒణికింది సెయ్యి."

కమిషనరుగారు కళ్లు మూసుకున్నారు. "అంత కష్టంలోనూ వచ్చి మనకు ధన్యవాదాలు చెప్పింది! దీన్ని రాష్ట్రస్థాయికి పంపాలి."

"అయ్యా, ఆ వీదిలో గొట్టం మురుగుకాలవలో ములిగుందండి. జాయింటు దగ్గర వాసరు సివికిపోయుంటాది. ఒక్క పూట సెలవిస్తే..."

"ఫిర్యాదు ఉందా?"

"ఉండేదండి. మూసీసినారు."

"మూసిన ఫిర్యాదు తెరవాలంటే, చెప్పిన ధన్యవాదాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు పౌరురాలు రాసివ్వాలి. కృతజ్ఞతను వెనక్కి తీసుకునేవాళ్లను ఏమంటారో తెలుసా నూకరాజూ? కృతఘ్నులంటారు." ఆయన గొంతు మెత్తబడింది. "మన ఊళ్లో కృతఘ్నుడు ఒక్కడూ లేడని నేను పైకి రాశాను. ఒక ముసలావిడను మొదటి కృతఘ్నురాలిగా నిలబెట్టమంటావా?"

నూకరాజు లేచి దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. ఆ పూటంతా మందిరంలో కూర్చుని, ఎవరెవరో కత్తెరలు ఆడిస్తుంటే రాలిపడుతున్న రంగుముక్కలు చూస్తూ ఉండిపోయాడు. సాయంత్రం వాటిని ఊడ్చి గోనెకెత్తుతుంటే అతనికి ఒళ్లు మండిపోయింది. గోనె అక్కడే వదిలేసి పెరట్లోకి వెళ్లి, టార్పాలిన్ ఎత్తి, రెండు పానాలు తీసుకున్నాడు.

మర్నాడు రెండో శనివారం, ఆఫీసుకు సెలవు. పొద్దున్నే నూకరాజు కుమ్మరివీధిలో చెప్పులు విడిచాడు. నాలుగడుగులు నడిచి అయిదో దగ్గర ఆగి, "ఇక్కడ" అన్నాడు. వీధి ఆడవాళ్లు గంపలతో మట్టి ఎత్తిపోశారు. నడుం లోతు తవ్వేసరికి గొట్టం కనిపించింది. అతను చెప్పినట్టే మురుగుకాలవ లోపలి నుంచి పోతోంది. జాయింటు దగ్గర వాషరు చేత్తో ముడితే పిండిలా రాలింది. నూకరాజు గొయ్యి అంచున కూర్చుని, లారీ ట్యూబు తీసి కత్తెర పెట్టాడు. రెండు నెలల తరవాత రబ్బరు కోస్తుంటే చేతికి ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నానికి పని అయింది. పైడమ్మ ఇంటిముందు కుళాయి తిప్పారు. మొదట నల్లగా, తర్వాత ఎర్రగా, ఒక పావుగంటకు తేటగా వచ్చాయి నీళ్లు. పైడమ్మ దోసిలి పట్టి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. నూకరాజు వైపు తిరిగి ఏదో అనబోయి, చటుక్కున నోరు మూసుకుంది.

"ఆ మాట నాను అనన్రా," అంది. "ఆ మాటంటే నాకు బయంగా ఉంది. కాల్లు కడుక్కో, ఇడ్లీ పెడతాను."

సోమవారం మెమో సిద్ధంగా ఉంది. "ధన్యవాదము ఇదివరకే స్వీకరింపబడిన, అనగా ఇదివరకే బాగుపడిన గొట్టమును తిరిగి బాగుచేసి, తద్వారా సదరు ధన్యవాదము యొక్క యథార్థతపై ప్రజలలో అనుమానములు రేకెత్తించినందుకు మిమ్ములను ఉద్యోగము నుండి ఏల తొలగింపరాదో తెలుపవలెను." విచారణాధికారిగా వామనరావుగారిని నియమించారు.

విచారణ కృతజ్ఞతా మందిరంలోనే జరిగింది. వేరే ఖాళీ గది లేదు. సాక్షిగా పైడమ్మ వచ్చింది. మనవరాలు ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. పిల్లను కూడా వెంటబెట్టుకొచ్చి గుమ్మం దగ్గర కూర్చోబెట్టింది.

"ఇతను మీ వీధిలో గొట్టం బాగుచేశాడా?" అని అడిగారు వామనరావుగారు.

"సేసినాడు బాబూ."

ఆయన రాసుకున్నారు. "అందుకు నువ్వు ధన్యవాదాలు తెలిపావా?"

"నేదు."

"పత్రం?"

"కొయ్యనేదు."

"నోటితోనైనా?"

"అనబోయి నోరు మూసుకున్నాను. ఇడ్లీ పెట్టినాను. తప్పా బాబూ?"

వామనరావుగారి కలం ఆగింది. ఆయన సర్క్యులరు పదిహేడు తీసి, వేలితో వాక్యాలు దిగుతూ వచ్చి ఒకచోట నిలిచిపోయారు. ఆ వాక్యాన్ని మనసులో చదువుకున్నారు. మళ్లీ చదువుకున్నారు. నూకరాజు ఆయన మొహం వైపే చూస్తున్నాడు. ఈ ఉద్యోగం పోతే ఏం చెయ్యాలో రాత్రంతా ఆలోచించినా అతనికి తెగలేదు. అతనికి వచ్చింది గొట్టాల పని ఒకటే, ఊళ్లో గొట్టాలన్నీ మునిసిపాలిటీవే.

"అమ్మా, మరోసారి అడుగుతున్నాను," అన్నారు వామనరావుగారు. గుమ్మం దగ్గర పిల్ల దగ్గుతోంది. ఆయన అటు ఒక్క క్షణం చూసి కళ్లు తిప్పుకున్నారు. "ధన్యవాదాలు చెప్పలేదు కదా? ఇకముందు చెప్పే ఉద్దేశం కూడా లేదు కదా?"

"సచ్చినా సెప్పను బాబూ."

"స్పష్టంగా ఉంది," అని ఆయన రాయడం మొదలెట్టారు. "సర్క్యులరు పదిహేడు ప్రకారము, పత్రము జతపరచని సేవ జరిగిన సేవగా పరిగణింపబడదు. రెండవ శనివారము నాటి పని విషయమై పత్రము లేనందున, సదరు ఉద్యోగి సదరు గొట్టమును బాగుచేయలేదని నిర్ధారించడమైనది. చేయని పనికి శిక్షించు అధికారము ఈ కార్యాలయమునకు లేదు. అభియోగము ఉపసంహరించడమైనది."

చదివి వినిపించాక పైడమ్మ నూకరాజు చెవి దగ్గర అంది, "ఏటంతన్నాడు?"

"నాను బాగుసెయ్యనేదంట," అన్నాడు నూకరాజు.

"అయితే మంచిదా, సెడ్డదా?"

"మంచిదే సిన్నమ్మా. నోరెత్తకుండా ఇంటికి పద."

చిదానందమూర్తిగారికి రాష్ట్రస్థాయి బహుమతి వచ్చింది. పైడమ్మ వత్తును రాజధానిలో ప్రదర్శనకు పెట్టారట. కొద్ది రోజులకే ఆయన్ని ఆ కొండ ఊరి శిక్షణ సంస్థకే అధిపతిగా వేశారు. వెళ్లేముందు క్యాబేజీ పువ్వును జాగ్రత్తగా గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్లారు. కొత్త కమిషనరు రావడానికి ఆలస్యమైంది. సర్క్యులర్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి, వాటిని రద్దుచేసే అధికారం ఎవరిదో ఎవరికీ తెలియదు.

విచారణ సంగతి కుమ్మరివీధి నుంచి ఊరంతా పాకింది. జనానికి అర్థమైంది ఇది: ధన్యవాదం చెబితే పని ఆగిపోతుంది, చెప్పకపోతే అయిపోతుంది. ఆ తర్వాత మందిరం వైపు ఎవరూ రాలేదు. చేసేది లేక నూకరాజు గదికి తాళం వేసి పానాలు సంచిలో వేసుకుని తిరిగేవాడు. ఎవరింట్లో గొట్టం పగిలినా దారిలో పక్కగా వచ్చి వీధి పేరు చెప్పి పోయేవాళ్లు. అతను వెళ్లి బాగుచేసేవాడు. ఆఫీసువాళ్లెవరైనా అటువైపు వస్తే, మంచిమాట విని రాసుకుంటారేమోనన్న భయంతో ఇంటివాళ్లు గబుక్కున బయటికొచ్చి తిట్టేవాళ్లు.

"నీ మొకం మండ, వీది వీదంతా తవ్వీసినావు!" అని ఒకావిడ అరిచేది, అరుస్తూనే వెనక నుంచి టీ గ్లాసు అందించేది. మరో ఇంట్లో తాతగారు కర్ర ఎత్తి బెదిరించి, ఆఫీసు జీపు మలుపు తిరగ్గానే అదే కర్ర గొయ్యిలోకి చాపి పైకి లాగేవాడు. బాగా తిట్టలేనివాళ్లు పక్కింటివాళ్లను పిలిపించుకునేవాళ్లు. అందరికన్నా బాగా తిట్టేది పైడమ్మ. వేరే వీధులవాళ్లు కూడా వచ్చి ఆమెను తీసుకెళ్లేవాళ్లు.

ఆ వానాకాలం ఒకరోజు నూకరాజు స్టేషను రోడ్డులో గొయ్యిలో దిగి ఉన్నాడు. నెత్తిన గొడుగు నీడ పడింది. చూస్తే వామనరావుగారు. ఒక్కరే ఉన్నారు. అటూ ఇటూ చూసి, వంగి, లోగొంతుతో, "మా ఇంటి దగ్గర... మూడు రోజులైంది. మా ఆవిడ బావి నుంచి తోడుకొస్తోంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు," అన్నారు.

"పిర్యాదు పెట్టినారా బాబూ?"

వామనరావుగారు తల అడ్డంగా ఊపారు. "పెట్టను."

నూకరాజు ఆ సాయంత్రమే వెళ్లాడు. గేటు పక్కనే లీకు. వాషరు మార్చి, బోల్టులు బిగించి, మట్టి కప్పి లేచేసరికి లోపల పంపు కింద బిందెలో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. వామనరావుగారు వరండాలో నిలబడి ఆ చప్పుడు విన్నారు. ఏదో అనాలని పెదవులు కదిపారు. అప్పుడే ఆఫీసు గుమాస్తాలు ఇద్దరు సైకిళ్ల మీద ఆ దారిన వస్తూ కనిపించారు. వామనరావుగారు గాభరాగా గేటు దాకా వచ్చారు. ఆయనకు తిట్టడం రాదు. జన్మలో ఎవర్నీ తిట్టలేదు, మెమోలు రాసేవారంతే.

"నూకరాజూ!" అన్నారు గట్టిగా. "నువ్వు... విధి నిర్వహణయందు తీవ్రమైన నిర్లక్ష్యము వహించి... క్రమశిక్షణారాహిత్యముతో... సదరు గొట్టమును..." ఇంకేం రాలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు.

గుమాస్తాలు సైకిళ్లు ఆపకుండా తలలు వంచుకుని వెళ్లిపోయారు.

నూకరాజు సంచి భుజాన వేసుకున్నాడు. "సిత్తం బాబూ," అన్నాడు. "పర్నేదండి. బాగానే తిట్టినారు."